ఉల్లిగడ్డ ధర అడిగితే మర్యాద చేసిన బుడగ

కర్నూలు యార్డు ధరలు పెట్టే ఒక వెబ్‌సైట్ ఉంది. నడిపేది ఒక్కడే పిల్లోడు. పొద్దున్నే వేలం దగ్గర నిలబడి ధర రాసుకునేదీ వాడే, ఆదోని పత్తి ధర ఫోన్‌లో కనుక్కునేదీ వాడే, టైపు కొట్టేదీ, తప్పులు దిద్దేదీ, సర్వరుకు డబ్బు కట్టేదీ వాడే. రైతుకు కావాల్సింది ఒక అంకె. ఆ అంకె వాడు రోజూ పెడుతున్నాడు. ఇంతవరకూ లోకం సుభిక్షంగానే ఉండింది. ఈ మధ్య ఆ సైటుకు తెలివి వచ్చింది.

సైటు నెత్తిన ‘ఏఐ ఆధారితం’ అని పట్టీ వెలిసింది. కింద కుడి మూలలో ఒక నీలం బుడగ వచ్చి కూర్చుంది. ఊరికే కూర్చుంటే సరే అనుకోవచ్చు. అది ఎగురుతుంది, టింగుమంటుంది, ‘నమస్కారం! నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?’ అంటుంది. చిన్న ఫోన్‌లో చూస్తే ఆ బుడగ పడేది సరిగ్గా ఉల్లిగడ్డల గరిష్ఠ ధర ఉండే గడి మీద. అంటే ధర కనపడాలంటే ధరను కప్పిన బుడగనే అడగాలి. ఇంత గొప్ప ఏర్పాటు మామూలు మనుషుల బుర్రకు తట్టదు.

పత్తికొండ వైపు రైతు ఒకాయన అడిగాడు. ఆ సంభాషణ సైటు యజమాని నాకు చూపించాడు. భావితరాల కోసం దాన్ని యథాతథంగా భద్రపరచడం నా ధర్మం.

‘ఈ పొద్దు ఉల్లిగడ్డలు ఎంతప్పా?’

‘చాలా మంచి ప్రశ్న! ఉల్లిపాయ భారతీయ వంటకాల్లో ముఖ్యమైన కూరగాయ. దీని ధర వాతావరణం, డిమాండ్, రవాణా వంటి అనేక అంశాలపై ఆధారపడి ఉంటుంది.’

పండించినాయనకు చెబుతోంది ఈ మాట.

‘అది తెలుసులేప్పా. క్వింటాలు ఎంత?’

‘ఒక క్వింటాలు అంటే 100 కిలోగ్రాములు.’

‘ధర, ధర!’

‘మీ అసహనాన్ని నేను అర్థం చేసుకోగలను. ముందుగా మీ ఈమెయిల్ చిరునామా ఇవ్వగలరా?’

‘అది నాకు లేదు.’

‘ధన్యవాదాలు! మీ ఈమెయిల్ నమోదైంది. ఉల్లిపాయతో చేసే వంటకాలు చూపించమంటారా?’

‘ఆడ మనిషనేవాడు ఎవురన్నా ఉంటే పిలువు సామీ.’

‘నేను 24 గంటలూ మీకు అందుబాటులో ఉంటాను.’

ఆ తర్వాత రైతు ఒక మాట అన్నాడు. బుడగ దానికి కూడా ధన్యవాదాలు చెప్పింది.

ఈ మర్యాద ఉచితం అనుకునేరు. బుడగను సైటుకు తగిలించే ప్లగిన్ ఉచితమే, దానికి వెనక నుంచి మాటలు అందించే కంపెనీ తాళంచెవి మాత్రం మనం కొనుక్కోవాలి. దాన్ని ఏపీఐ కీ అంటారు. బిల్లు టోకెన్ల లెక్కన, అంటే మాటలను తరిగిన ముక్కల లెక్కన, డాలర్లలో. తెలుగుకు ఆ లెక్క ఇంకొంచెం ప్రేమగా పడుతుంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ అనే కంపెనీ జీపీటీ-4ఓ అనే ఏఐ మోడల్‌ను విడుదల చేస్తూ ఒక నమూనా చూపించింది: పాత పద్ధతిలో 159 టోకెన్లు తినే తెలుగు మాటలు కొత్త పద్ధతిలో 45కు దిగాయట. సంతోషం. అవే మాటలు ఇంగ్లీషులో 24. కాబట్టి బుడగ ‘మీ అసహనాన్ని నేను అర్థం చేసుకోగలను’ అన్నప్పుడల్లా మన పిల్లోడు తెల్లోడికంటే దాదాపు రెట్టింపు మర్యాదకు డబ్బు కడుతున్నాడు.

ఎందుకు పెట్టినావురా అంటే, ‘అందరూ పెడుతున్నారన్నా. లేకుంటే సైటు పాతదిగా కనపడుతుంది’ అన్నాడు. సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాధనానికి ఉన్న ప్లగిన్ల అంగట్లో దాదాపు 60 వేల సరుకులున్నాయి. ప్రతిదాని పక్కనే చివరిసారి ఎప్పుడు బాగుచేశారో, ఎన్ని సైట్లలో నడుస్తోందో, ఏ వెర్షన్ దాకా పరీక్షించారో రాసి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ తాజా మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించకపోతే హెచ్చరిక కూడా పైనే కనపడుతుంది. వంకాయ కొనేటప్పుడు తొడిమ దాకా తిప్పి చూసే మనిషి, ఇక్కడ పేరులో ‘ఏఐ’ ఉందా లేదా అనేదొక్కటే చూస్తాడు. రైతు టైపు చేసిన మాటలు ఏ దేశం సర్వరుకు పోతున్నాయో అడగడు. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం వచ్చిందంటే, ‘అది పెద్ద కంపెనీలకు కదన్నా’ అంటాడు.

వాడి దగ్గర పనికొచ్చేవీ ఉన్నాయి, లేవనను. చెత్త కామెంట్లను ఏరి పారేసే అకిస్మెట్ 2005 నుంచి ఉంది. నెత్తిన పట్టీ లేకుండా, బుడగ లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. అందుకేనేమో దాన్నెవరూ తెలివైనది అనరు. ఫొటోలకు వివరణ రాసే ప్లగిన్ ఒకటి ఉంది, చూపులేనివాళ్లకు ఫోను చదివి వినిపించే వివరణ. అది కొండారెడ్డి బురుజును చూసి ‘సముద్రతీరంలో దీపస్తంభం’ అని రాసింది. పిల్లోడు నవ్వుకుని, దిద్ది, పెట్టాడు. నష్టమేం లేదు. అది రాసింది వాడికి చూపించింది, వాడు చూశాకే బయటికి వచ్చింది. వాడికి తెలియకుండా వాడి పేరుతో రైతుతో మాట్లాడేవాటితోనే తంటా అంతా.

ఇంకొకటి రోజుకొక వ్యాసం దానంతటదే రాసి, దానంతటదే అచ్చేసేది. వెతుకులాటలో పైన కనపడే ర్యాంకు కోసం పేజీలు కుప్పలుగా పోస్తే, మనిషి పోసినా యంత్రం పోసినా స్పామ్ కిందే లెక్కగడతామని గూగుల్ 2024 మార్చిలోనే చెప్పింది. అది పోనీ. 2025లో ఉల్లి ధర కూలినప్పుడు కోత కూలి కూడా గిట్టదని పంటను పొలంలోనే వదిలేసినవాళ్లున్నారు ఈ జిల్లాలో. మళ్లీ ధర పడిన ఒక రోజు, ఆ పడిన ధర కిందనే ఈ సైటులో వ్యాసం వచ్చింది: ‘ఉల్లితో 10 అద్భుత లాభాలు’. ఎవరికిరా లాభం?

బుడగ అంతకంటే ఘనకార్యం చేసింది. ఇంకో రైతు గుచ్చి గుచ్చి అడిగితే చివరికి ధర చెప్పింది. పట్టికలో ఉన్న ధర కాదది. ఆ పట్టికను దానికెవరూ చూపించలేదు. తర్వాత ఏ మాట వస్తే నప్పుతుందో అంచనా కట్టి పేర్చడమే ఈ మోడళ్ల పని. పట్టిక చేతికిచ్చి, ఇందులో లేకుంటే నోరు మూసుకో అని చెప్పకపోతే నప్పే అంకె ఒకటి పుట్టిస్తాయి. అది చూసి ఆ మనిషి బండి మాట్లాడుకున్నాడు. బాడుగ, హమాలీ, గోతాలు, అన్నీ చేతి డబ్బే. యార్డులో పలికింది వేరు. ఆ తేడా ఎవరు కడతారు? బుడగ కడుతుందా, దాన్ని అమ్మినవాడు కడతాడా? ‘ఏఐ జవాబుల్లో పొరపాట్లు ఉండవచ్చు’ అని చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో రాసి చేతులు దులుపుకున్నారు. వేలం దగ్గర నిలబడి కళ్లతో చూసి రాసుకొచ్చిన అంకె మీద ఒక ఊహను కూర్చోబెట్టడానికి సిగ్గుండాలి. పిల్లోడి ముఖం మీదే అన్నాను ఈ మాట.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లాప్‌టాప్ తీసి బుడగను ఆపే బటన్ నొక్కాడు. వెంటనే ఒక పెట్టె తెరుచుకుంది: ‘మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉంది. కారణం చెప్పండి.’ కింద నాలుగైదు కారణాలు, ఆఖరున ‘ఇతరములు’, దాని పక్కన రాసుకోవడానికి ఖాళీ. ఏం రాయమంటావన్నా అన్నాడు. పత్తికొండ రైతు ఆ రోజు అన్నది పొల్లు పోకుండా రాయమన్నాను.

‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని వచ్చింది.