జీడిపాకం పరువు నష్టం కేసు

రోడ్డు పని ఆగిపోతే జీడిపాకం, కోర్టులో వాయిదా పడితే జీడిపాకం, సీరియల్లో అత్తగారు మెట్లు దిగడానికి మూడు ఎపిసోడ్లు పడితే అదీ జీడిపాకమే. పేపర్లో హెడ్డింగులు పెట్టేవాళ్ళకి ఇంకో మాటే దొరకదు. ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. కోనసీమలో పుట్టి అమ్మమ్మ చేతి జీళ్ళు తిని పెరిగినవాడిగా ఇక ఊరుకోదల్చుకోలేదు, నోరులేని జీడి తరఫున ఇందుమూలంగా అభ్యంతరం దాఖలు చేస్తున్నానండి, ఆయ్.

ముందు ఒక విషయం తేల్చేసుకోవాలి. జీడి అంటే జీడిపప్పు కాదు. హైదరాబాదులో ఇంటర్ చదివే మా అన్నయ్య కొడుకు "బాబాయ్, కాజూ పాకం అంతలా సాగుద్దా" అని అడిగినప్పటినుంచి నాకు అన్నం సయించట్లేదు. జీడిపప్పు పాకం వేరే, అది పెళ్ళిళ్ళలో డబ్బాల్లో ఊరేగే కలవారి స్వీటు, మన జీడికి దానికి చుట్టరికం లేదు. మన జీడి అచ్చంగా బెల్లం. బెల్లం, కాసిని నీళ్ళు, చేతులకి రాసుకోడానికి కొంచెం నెయ్యి, పైన అద్దడానికి నువ్వులు, అంతే.

ఇప్పుడు అసలు సాక్ష్యం. మా అమ్మమ్మ ఇనప మూకుడులో బెల్లం కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యెక్కించి, పక్కన చిన్న గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని కూర్చునేది. మధ్యమధ్యలో ఒక చుక్క ఆ నీళ్ళల్లో వేసి వేలితో నొక్కి చూసేది. ఉండ కడితే అరిసెలకి సరిపోద్ది గానీ జీడికి చాలదు, ఆ ఉండ తీసి పళ్ళానికేసి కొడితే టంగుమనాలి. ఆ టంగు వినపడేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, తాతయ్య రేడియో కూడా ఆపేయాలి. స్వీట్ల పుస్తకాల్లో ఈ గట్టి దశకి పంచదార పాకం 150 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉండాలని రాస్తారు, అమ్మమ్మ థర్మామీటరు అనేది జ్వరానికి తప్ప ఎరగదు, చెవితో కొలిచేది. ఇంకొంచెం ఉంచితే మాడి చేదెక్కుద్ది, ముందే దించితే రోజంతా లాగినా జీడవ్వదు, పళ్ళెంలో బంకలా కూర్చుని మనల్ని చూసి నవ్వుద్ది.

టంగుమన్నాక నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, చెయ్యి పట్టేంత చల్లారగానే అటు నేను ఇటు మా మావయ్య కొడుకు, లాగడం, మడతెయ్యడం, మళ్ళీ లాగడం. లాగేకొద్దీ గాలి లోపలికెళ్ళి నల్లటి ముద్ద రాగి రంగుకొచ్చి, బంగారం రంగుకొచ్చి, చివరికి పట్టుకుచ్చులా మెరిసేది. వెనకనుంచి అమ్మమ్మ ఒకటే కేక, "ఒరేయ్ బేగా లాగండ్రా, సల్లారిపోతంది!"

అయ్యా, ఈ కేసులో కీలకమైన మాట అదే. జీడిపాకానికి టైములేదు. మహా అయితే పావుగంట సాగుద్ది, చల్లారిందా ఇక నువ్వు మంత్రివైనా సాగదు, విరుగుద్ది. గడువు లోపల పని పూర్తవ్వాల్సిందే, ఎక్స్‌టెన్షన్ లేదు, రివైజ్డ్ ఎస్టిమేటు లేదు. ఇంత టైమ్‌సెన్స్ ఉన్న పదార్థాన్ని తీసుకెళ్ళి ఎక్కడ తగిలించారండీ మీరు?

కోటిపల్లి నర్సాపురం రైలు లైను సంగతే చూడండి. 2000-01లో మంజూరైంది, అప్పుడు మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరు. 57 కిలోమీటర్లు. గౌతమిలో స్తంభాలు లేచాయి, వాటిమీద కొంగలు వాలుతున్నాయి, అప్పుడు పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళయి వాళ్ళ పిల్లలు పంటు మీద రేవు దాటుతూ ఆ స్తంభాలు లెక్కపెట్టుకుంటున్నారు, ఇది రాసేనాటికి రైలు మాత్రం రాలేదు. మరోపక్క కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852 కల్లా అవగొట్టేశాడు, అదీ ఫోను లేని రోజుల్లో. అంచేత నా ప్రతిపాదన ఏంటంటే, ఇకనుంచి ఆలస్యమైన పనిని "కోటిపల్లి లైనులా సాగుతోంది" అనాలి, త్వరగా తెమిలితే "జీడిపాకంలా అయిపోయింది" అనాలి. పిల్లల పుస్తకాల్లో జాతీయాలు కూడా ఆ ప్రకారం దిద్దాలి.

రెండో ఫిర్యాదు, గుర్తింపు. తిరుపతి లడ్డూకి 2009లో జీఐ ట్యాగు, అంటే ఫలానా సరుకు ఫలానా ఊరిదేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. బందరు లడ్డూకి 2017లో వచ్చింది. పొరుగునే ఉన్న ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది, సంతోషమే, పూతరేకంటే నాకేం కోపం లేదు, కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళ చేతులకి దండం పెట్టొచ్చు. కానీ జీడి మాటేంటి? అదే 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడుకి మన కోనసీమ ప్రభల తీర్థం (సంక్రాంతికి ఎత్తుగా అలంకరించి కట్టిన ప్రభల మీద దేవుళ్ళని ఊరేగించే తిరనాళ్ళు) శకటం వెళ్తే నేను టీవీకి ముక్కు ఆనించి చూశాను, జీళ్ళ బండి నా కంటికి కనపడలేదు. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ప్రభలూ వచ్చి నిలబడ్డాక జనం చేతుల్లో ఏం పట్టుకుని ఇంటికెళ్తారండీ? ఖర్జూరం, జీళ్ళు. తీర్థానికెళ్ళి జీళ్ళు తేనివాణ్ణి ఇంట్లో ఆడవాళ్ళు అసలు వెళ్ళాడా అని అనుమానంగా చూస్తారు.

ఆర్థిక వ్యవస్థకి జీడి చేసిన సేవ కూడా ఎవరూ రాయలేదు. మా ఊళ్ళో కొట్టు దగ్గర రాలిన కొబ్బరికాయే కరెన్సీ. కాయకి ఇన్ని జీళ్ళని లెక్క, రేటు మాత్రం కొట్టాయన మూడ్‌ని బట్టి మారేది. రాత్రి గాలేస్తే తెల్లారేసరికి పిల్లలందరం ధనవంతులం. ఓసారి గాలి వెయ్యలేదు, తాతయ్య మరచెంబు మూత తీసుకెళ్ళి పాతసామాన్ల వాడికిచ్చాను. దాని తర్వాత జరిగింది జీడికి సంబంధించిన విషయం కాదు గాబట్టి వదిలేస్తున్నాను.

ఇంగ్లీషు మీడియం పిల్లలు పుట్టినరోజుకి చిత్తూరు న్యూట్రిన్ చాక్లెట్లు పంచేవారు, కాదనను, ఆ కాగితాలు పుస్తకాల్లో దాచుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ దానికి కాగితం కావాలి. జీడికి కాగితం లేదు, నువ్వులే దాని చొక్కా. మా డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ, బెల్లానికేమో చెమ్మంటే ప్రాణం, మూత సరిగ్గా పెట్టకపోతే పొద్దున చేసిన జీళ్ళు సాయంత్రానికి హార్లిక్స్ సీసాలో అన్నీ కలిసిపోయి ఒకటే కుటుంబం అయిపోయేవి. గరిటె కాడతో పొడిచి తీసేవాళ్ళం.

ఇప్పుడు అదే జీడి ఫోనులో కనపడుతోంది. రేకుడబ్బా, జనపతాడు, పైన "హ్యాండ్ పుల్డ్ జాగరీ టాఫీ, గ్లూటెన్ ఫ్రీ" అని లేబులు. గ్లూటెన్ లేదని అమ్మమ్మకి తెలిసుంటే ఎక్కడ దొరుకుద్దో కనుక్కుని కొంచెం వేసేదేమో. డబ్బా రేటు చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది. అవి తింటూ "ఆ రోజులే వేరు" అనుకునే మా తరం మాత్రం నిజంగానే సాగదీస్తాం, ఒప్పుకుంటాను. పుట్టెడు బెల్లానికి సరిపడా జ్ఞాపకాలు చెప్తాం, మూకుడు తోమింది ఎవరో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

వైద్యరంగంలో జీడి సేవలు మీకు తెలిసినవే. కదిలే పాలపన్నుకి జీడి పెడితే నొప్పి తెలీకుండా ఊడొచ్చేది, ఫీజు లేదు, అపాయింట్‌మెంటు లేదు, పన్నుతోపాటు స్వీటు. ఆ నమ్మకంతోనే మొన్న కనుమకి తీర్థంలో నువ్వుల జీడి కొని, నలభైతొమ్మిదేళ్ళ వయసులో, గట్టిగా ఒక కొరుకు కొరికాను. దవడపన్ను మీద క్యాపు జీడితో వెళ్ళిపోయింది. కడుక్కుని మళ్ళీ పెట్టుకుందామని చూశాను, కుదర్లేదు.

డాక్టరు గారు నాలుగు సిట్టింగులన్నారు. ఇది ఏడోది. క్యాపు ఇంకా రాలేదంట, కొలత మళ్ళీ తియ్యాలంట. నా నోట్లో రెండు గొట్టాలు, ఒక దూది ఉండ ఉండగా ఆయన ఎక్సరే లైటుకి పట్టి చూసి, "ఏమనుకోకండి, మీ పన్ను జీడిపాకంలా సాగుతోందండీ" అన్నారు.

నేను అభ్యంతరం చెప్పాను. "ఆ... ఆ..." అని మాత్రమే రికార్డయింది.