ఒకే జాతి అయితే పాట మీద నిషేధం ఎందుకు?

రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే జాతి అంటూ 2021 జూలైలో పుతిన్ సుదీర్ఘ వ్యాసం రాశారు. ఎనిమిది నెలలు తిరగకముందే ఆయన సైన్యం కీవ్ మీదికి బయల్దేరింది. ఇద్దరికీ మూలమైన మధ్యయుగ రాజ్యం కీవన్ రస్, 988లో అది క్రైస్తవం స్వీకరించడం, ఉక్రెయిన్ కొసాక్కులు జార్‌కు విధేయత ప్రకటించిన 1654 పెరెయాస్లావ్ ఒప్పందం అంటూ ఆయన చేసే వాదన తెలిసిందే. మూలం ఒకటేనన్నది నేనూ కాదనను. అయితే ఒక తల్లి బిడ్డలు వేరు కాపురం పెట్టుకుంటే నేరమా?

ఈ 'ఒకే జాతి' మాటను పూర్వపక్షం చేసే సాక్ష్యాన్ని రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వమే రాసి పెట్టింది. ఉక్రేనియన్‌లో మతగ్రంథాలు, చదువు పుస్తకాలు అచ్చు వేయరాదని 1863లో మంత్రి వాల్యుయేవ్ సర్క్యులర్ జారీ చేశాడు. అసలు అలాంటి భాషే లేదని, ఉండబోదని కూడా అందులోనే ఉంది. లేని భాషకు నిషేధం దేనికి? 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఇంకా ముందుకు వెళ్లాడు. ఆ భాషలో నాటకాలు ఆడకూడదు, విదేశాల నుంచి పుస్తకాలు తేకూడదు, అచ్చు వేసిన సంగీత స్వరాల కింద పాట మాటలు కూడా ఉండకూడదు. అంతకుముందే, 1847లో, ఉక్రేనియన్ కవి షెవ్‌చెంకోను సిపాయిగా ప్రవాసం పంపుతూ అతన్ని రాయనివ్వొద్దని, బొమ్మలు గీయనివ్వొద్దని అప్పటి జార్ మొదటి నికోలస్ స్వయంగా ఆదేశించాడు. షెవ్‌చెంకో చిన్న చిన్న నోటుపుస్తకాలు బూట్లలో దాచుకుని మరీ కవిత్వం రాశాడు. తనవాళ్లే అనుకున్న జనం పాటకు ఏ రాజైనా ఇంతగా భయపడతాడా?

ఉక్రెయిన్‌లోని పోల్టావా ప్రాంతంలో పుట్టిన రచయిత గోగోల్ రష్యన్‌లోనే రాశాడు కదా, తూర్పున లక్షల మంది రష్యన్‌లోనే మాట్లాడతారు కదా అంటారు. నిజమే. జెలెన్‌స్కీ మాతృభాషా రష్యనే. రష్యన్ మాట్లాడే ఖార్కివ్ నగరమే 2022లో రష్యా సేనలను నిలువరించింది. 1991 రెఫరెండంలో దేశం మొత్తం మీద 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. తూర్పు ప్రాంతాలైన దొనెట్స్క్, లుహాన్స్క్‌లలో 80 శాతం దాటింది. క్రిమియాలోనూ సగానికి మించింది. జాతి ఏదో తేల్చాల్సింది ఆ జనమే. వాళ్లు తేల్చేశారు.

పాలకుడు చరిత్రకారుడి కుర్చీ ఎక్కితే ఏ దేశంలోనైనా ముందు బలయ్యేది బడిపిల్లలే. నా అసలు ఆందోళన అదే. 2023లో రష్యా పదకొండో తరగతికి కొత్త చరిత్ర పుస్తకం ఇచ్చింది. ఈ యుద్ధం ఎందుకు న్యాయమో చెప్పే పాఠం అందులో ఉంది. సహరచయిత పుతిన్ సలహాదారు మెదిన్‌స్కీ. 2022లోనూ, మళ్లీ 2025లోనూ ఇస్తాంబుల్‌లో ఉక్రెయిన్‌తో శాంతి చర్చలకు రష్యా బృందాన్ని నడిపించింది కూడా ఆయనే.