ఎక్స్‌టీసీ అంటే ‘ఎక్స్‌ట్రా’ కాదు బావా

ఆదివారం పొద్దున్నుంచి ఒకే మెసేజ్ ఐదుసార్లు వచ్చింది. “పాత కానో కొన్నారా? ఐదు నిమిషాల్లో మోడల్ కనిపెట్టండి, లక్షలు పోగొట్టుకోకండి” అని మొదలవుతుంది. కానో అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ. ఎనిమిది పాయింట్లు, చివర రెండు దండాలు. మొదట పంపింది మా బావ. తర్వాత వాకింగ్ గ్రూపు, ఆ తర్వాత మా గాలాల బ్యాచ్‌లో ఇద్దరు. ఐదోసారి మళ్లీ బావే, తన కానో ఫొటో జోడించి, “చూసినవా? మనది ఎక్స్‌టీసీ!” అని.

చూసిన బావా. ములుగు రోడ్డులో 18 ఏళ్లుగా ఫైబర్ షెడ్డు నడుపుతున్నా. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, మండపాల సెట్టింగులు నా పని. రిసార్టుల పడవలు పగిలితే అతుకులు వేసేదీ నేనే. కాబట్టి ఒక్కసారి విను, తర్వాత ఎవరికి పంపుకుంటావో పంపుకో.

మొదటి పాయింటు: “ప్రతి కానోకూ వెనక కుడివైపు 12 అక్షరాల నంబరు ఉంటుంది. లేకపోతే దొంగ సరుకే.” ఏ దేశంలో? అది అమెరికా చట్టం. 1972 నవంబరు 1 నుంచి అక్కడ పడవలకు ఆ నంబరు తప్పనిసరి చేశారు. అంతకు ముందు తయారైన వాటికి ఉండాల్సిన పని లేదు. ఇక్కడ ఏదో షెడ్డులో అచ్చు మీద పోసిన పడవకు ఎవరు వేస్తారు? ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన కానోల్లో ఆ నంబరున్నవి రెండే. రెండోదాని సంగతి చివర్లో చెప్తా. నంబరు లేనివన్నీ దొంగ సరుకైతే పాకాల చెరువులో తిరిగే తెప్పలన్నిటి మీదా కేసు పెట్టాలి.

రెండోది: “మొదటి మూడు అక్షరాలే మోడల్ పేరు. ఉదాహరణకు ఎక్స్‌టీసీ అంటే ఎక్స్‌ట్రా టూరింగ్ కానో.” ఇది రాసినవాడి తెలివికి శాలువా కప్పాలి. ఆ మూడక్షరాలు కంపెనీ గుర్తు. ఎక్స్‌టీసీ అనేది అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న ఓల్డ్‌టౌన్ కంపెనీది. పొట్టి పడవ చేసినా పొడుగు పడవ చేసినా వాళ్లు వేసేది అదే. తర్వాతి ఐదూ సీరియల్, చివరి నాలుగూ తేదీ. 1984 ఆగస్టు నుంచి వచ్చిన పద్ధతిలో చివర డీ586 అని ఉంటే, డీ అంటే ఏప్రిల్, 5 అంటే 1985, 86 అంటే ఏ ఏడాది మోడల్‌గా అమ్మారన్నది. మోడల్ పేరు అందులో ఉండి తీరాలన్న రూలు లేదు. కంపెనీ, ఏడాది తెలిశాక ఆ ఏటి కేటలాగు దొరకబుచ్చుకుని, టేపు పట్టి పొడవు, నడుమ వెడల్పు, లోతు కొలవాలి. సీటు ఎలా బిగించారో, అంచుకు చెక్క వాడారో అల్యూమినియం వాడారో చూడాలి. నాకు మొదటి పడవకు రెండు వారాలు పట్టింది. వీళ్లకు ఐదు నిమిషాలట.

“రంగును బట్టి ఏడాది చెప్పొచ్చు.” బావ కానోకు రెండుసార్లు రంగేసింది నేనే. తర్వాతిది చూద్దాం.

“అల్యూమినియందైతే గ్రుమ్మన్. యుద్ధ విమానాల లోహం, 5 లక్షలకు తగ్గకండి.” గ్రుమ్మన్ అనే విమానాల కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో కానోల తయారీకి దిగిన మాట నిజమే. కానీ అల్యూమినియం కానోలు చేసిన కంపెనీలు ఇంకా ఉన్నాయి. రివెట్లు కనపడగానే విమానం అంటే ఎలా? ఆర్టీసీ బస్సు బాడీకీ రివెట్లే కదా.

ఐదో పాయింటుకు నవ్వు ఆగిపోయింది. “నంబరు కనిపించకపోతే గ్రైండర్‌తో రంగు గీకండి, తర్వాత థిన్నర్‌తో తుడవండి.” పోయిన నెల ఒక పిల్లాడు ఇదే పని చేసి పడవను ట్రాలీలో వేసుకుని వచ్చాడు. ఫైబర్ పడవకు నిగనిగలాడే పైపొర ఉంటుంది, జెల్‌కోట్ అంటాం. దాని మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. నంబరు అందులో అచ్చయి ఉంటే గ్రైండర్ ఆడించిన క్షణంలో నంబరూ పోతుంది, పొరా పోతుంది, లోపలి గాజు పీచు మ్యాట్ నీళ్లు తాగడం మొదలుపెడుతుంది. ఇక రాయలెక్స్ కానో అయితే అది ఏబీఎస్ ప్లాస్టిక్, పైన పలచని వినైల్ తోలు. అసిటోన్ కలిసిన థిన్నర్ తగిలితే ఏబీఎస్ కరిగిపోతుంది. ఆ షీటు తయారీయే ఆగిపోయి పదేళ్లు దాటింది, అతుక్కి ముక్క ఎక్కణ్నించి తేవాలి? సబ్బు నీళ్లతో కడిగి, చీకటి పడ్డాక టార్చి పక్కవాటుగా కొడితే చాలు, గీతల నీడ పడుతుంది. అదీ కాకపోతే పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాలి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద రుద్దినట్టు.

ఇక ఆరోది. అసలు ఇదంతా రాయడానికి కారణం ఇదే. “తట్టి చూడండి. మొద్దుగా మోగితే లోపల ఫోం ఉన్న మోడల్. అది మునగదు, లైఫ్ జాకెట్లు దండగ ఖర్చు.”

ఫోం తేల్చేది పడవను. నిన్ను కాదు. బోల్తా పడి నిండిన కానోలో 300 లీటర్ల నీళ్లున్నాయనుకో, అది 300 కిలోల బరువు. నువ్వూ నీ కొడుకూ కలిసి ఎత్తి పారబోయగలరా? పట్టుకుని వేలాడదామంటే చేతుల్లో పొర్లుతుంది. ధర్మసాగర్‌లో సాయంత్రం గాలి లేచిందంటే ఖాళీ పడవ నీకంటే ముందు అవతలి ఒడ్డుకు చేరుతుంది. పైగా పాత పడవలో ఫోం పెట్టెకు పగులు పడితే అదే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది.

“నాకు ఈత వచ్చు” అంటావు. వచ్చు, వ్యవసాయ బావిలో నేర్చుకున్న ఈత. నాలుగు బారలేస్తే గట్టు చేతికందేది. రిజర్వాయర్లో గట్టు అర కిలోమీటరు దూరం, మధ్యలో గుర్రపుడెక్క, కింద ఎవరో వేసి మరిచిపోయిన వల. ఆ బావిలోనైనా మొదట నడుముకు బెండు కట్టుకునే కదా దిగాం? అప్పుడు లేని నామోషీ ఇప్పుడు జాకెట్ అనేసరికి ఎందుకొచ్చింది?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది, గుర్తుందా? మన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. అది పెద్ద బోటు, కారణాలు వేరు, ఒప్పుకుంటా. కానీ నీళ్లలో పడ్డాక ఏ బోటులోంచి పడ్డామన్నది ఎవరికి కావాలి? అయినా “దండగ ఖర్చు” అని రాసి, కింద దండాలు పెట్టి పంపుతారు.

ఏడో పాయింటు మాత్రం కరెక్టు. “ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపేది కానో, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో కూర్చుని నడిపేది కయాక్.” నా బిల్లు పుస్తకంలో ఇన్నేళ్లూ రెంటినీ కానో అనే రాశాను. ఈ మెసేజ్ చూశాకే దిద్దుకున్నా. ఎనిమిదోది “పది మందికి పంపండి” అని, అది పాయింటే కాదు.

ఇప్పుడు బావ ఎక్స్‌టీసీ. ఫొటోలో ఆ అక్షరాలు కాస్త అలుక్కుపోయి ఉన్నాయి చూడు. పన్నెండేళ్ల కింద ఒక రిసార్టు వాళ్లు అసలు ఓల్డ్‌టౌన్ కానో ఒకటి తెచ్చి, ఇలాంటివే నాలుగు కావాలన్నారు. దాని మీదే అచ్చు తీశాను. తప్పే. నంబరు పూడ్చాలన్న ధ్యాస కూడా లేకపోయింది, అచ్చుతో పాటు అదీ దిగింది. ఆ నాలుగింటిలో ఒకటి చేతులు మారి మారి 18 వేలకు నీ ఇంటికొచ్చింది. తడితే మొద్దుగా మోగేది ఎందుకంటే అడుగున ప్లైవుడ్ పలక పెట్టి పైన రెండు మ్యాట్లు ఎక్కువ వేశాను. ఫోం గుప్పెడు కూడా పెట్టలేదు, అడగలేదు కాబట్టి.

ఆదివారం పడవను షెడ్డుకు తీసుకురా. రెండు కొసల్లో ఫోం పెట్టెలు కట్టిస్తా, డబ్బులొద్దు. తర్వాత మోకాలి లోతు నీళ్లలో నింపి చూద్దాం. జాకెట్లు మాత్రం నువ్వే కొనుక్కో, పిల్లాడి సైజుది వేరుగా.