నవ్వని హీరో మీద ఒక ఫిర్యాదు

బస్టర్ కీటన్ అనే, తెరమీద నవ్వనే నవ్వని అమెరికా కమెడియన్ ఆసామి తనే హీరోగా 1926లో తీసిన 'ది జనరల్' అనే మూకీని జనం ఇంకా చూస్తున్నారు. సినీ పరిశ్రమ శ్రేయస్సు కోరి దీన్ని వెంటనే అడ్డుకోవాలి.

హీరో అన్నాక ఇంట్రో ఉండాలి. ముందు బూట్లు, తర్వాత గొడ్డలి, ఆపైన ఎగిరే జుట్టు, చివరికి వీలుంటే మొహం. ఈయన రైలింజన్ నడుపుకుంటూ మామూలుగా వచ్చేస్తాడు. దిగి ప్రియురాలి ఇంటికెళ్లి తన ఫొటో ఇస్తాడు. ఆ ఫొటోలో కూడా వెనక ఇంజనే!

సైన్యంలో చేర్చుకోరు, అమ్మాయి మొహం చాటేస్తుంది. మందు సీసా లేదు, వర్షం లేదు. ఇంజన్ చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజన్ కదులుతుంది. మనిషి పైకీ కిందికీ ఊగుతూ షెడ్డులోకి వెళ్లిపోతాడు, దాదాపు లోపలికి చేరేదాకా ఆ సంగతే గమనించడు. చక్రం ఒక్కసారి జారి గిర్రున తిరిగితే ప్రాణం దక్కదు. డూప్ కూడా లేడు. ఇంత ఎలివేషన్ చేతిలో పెట్టుకుని స్లో మోషన్ లేకుండా, దూరం నుంచి, ఏమీ జరగనట్టు చూపించడం ఏం పద్ధతి?

1862లో, అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది సైన్యం వాళ్లు జార్జియాలో నిజంగానే ఒక రైలు ఎత్తుకుపోయిన కథ ఇది. ఇంజన్ వెంట పడ్డ మన హీరో కట్టెలు కొడుతుంటే వెనకాల ఒక సైన్యం పారిపోతుంది, ఇంకో సైన్యం దూసుకొస్తుంది. ఈయన తలెత్తడు. అన్ని వందల మంది జూనియర్ ఆర్టిస్టులను పెట్టుకుని హీరోతో చూపించకపోతే ఎందుకండీ? (బానిసత్వాన్ని నిలబెట్టాలని చూసిన దక్షిణాది సైన్యం తరఫున ఇంత కథ నడిపి, బానిసత్వం ఊసే ఎత్తకపోవడం మాత్రం నిజంగానే తప్పు. అది వేళాకోళం కాదు.)

కాలుతున్న వంతెన మీంచి రైలు పోవచ్చని ఉత్తరాది అధికారి ఆజ్ఞాపిస్తాడు. ఒరెగాన్‌లో, కాటేజ్ గ్రోవ్ దగ్గర, నిజం ఇంజన్ నిజం ఏట్లో కూలింది. మూకీల కాలంలో అత్యంత ఖరీదైన షాట్ అని దానికి పేరు. అంత డబ్బు తగలేసి, వెంటనే చూపించేదేమిటి? ఆ అధికారి తెల్లమొహం! నవ్వు అక్కడుందట. రెండో ప్రపంచయుద్ధం దాకా ఆ తుక్కు ఏట్లోనే పడి ఉంది.

అప్పటి విమర్శకులు చాలామంది పెదవి విరిచారు, డబ్బులూ సరిగా రాలేదు. 1928లో కీటన్ ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో కుదిరి సొంత పెత్తనం పోగొట్టుకున్నాడు. పీడ విరగడైందనుకుంటే, 1989లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీ (భద్రపరచాల్సిన సినిమాల పట్టిక) తన మొదటి జాబితాలోనే ఈ సినిమాను ఎక్కించింది.

కాబట్టి మా విన్నపం: గ్రాఫిక్స్‌తో కీటన్ పెదాల మీద కాస్త చిరునవ్వు పెట్టించి, ఇంజన్ పడేచోట ఒక పంచ్ డైలాగ్ చెప్పించి, 4కేలో రీరిలీజ్ చేయాలి. బెనిఫిట్ షోలకు టికెట్ రేట్లు పెంచుకునే అనుమతి విడిగా అడుగుతాం.