పెనం దగ్గర నేర్చినదీ, బ్యాంకు దగ్గర రాసినదీ

(తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి వరండా. మేనమామ బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేశారు. మేనకోడలు చిత్తూరు దగ్గర తమ ఊళ్ళో రంగు తేల్చే రసాయనం హైడ్రోస్ కలపని బెల్లం వండించి అమ్ముతోంది. ఒక మహిళా కళాశాలలో చేయవలసిన ప్రసంగాన్ని ఆమె రాసి తెస్తే, "నా వ్యాపారానికి నా బాల్యమే ప్రేరణ" అనే మొదటి వాక్యం కింద ఆయన పెన్సిలుతో గీత గీశారు. ఈ సంభాషణ రాస్తున్న నేను మేనకోడలి పక్షం. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.)

మేనమామ: ఈ వాక్యం అబద్ధమని నేననను. అయితే ఇది వ్యాపారం నిలబడిన తరువాత పుట్టిన వాక్యం. ముప్పై ఏళ్ళు అప్పుల దరఖాస్తులు చదివినవాణ్ణి. నిలదొక్కుకున్న ప్రతివాడూ అవ్వ చేతి ఊరగాయనో, నాయన పడిన కష్టాన్నో తలుచుకుంటాడు. అంగడి మూసేసినవాడికీ ఒక అవ్వ ఉండే ఉంటుంది. ఆమె సంగతి ఎవరూ అడగరు.

మేనకోడలు: మరి నేను బెల్లమే ఎందుకు ఎంచుకున్నానంటారు?

మేనమామ: ప్రభుత్వం డబ్బు ఇచ్చింది గనుక. 2020లో చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన పథకంలో పెట్టుబడి మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. ఆ కాగితాలు నింపింది ఈ వరండాలోనే. నీ వ్యాపారం పుట్టిన చోటు ఇది. మీ ఊరి గానుగ కాదు. పైగా అదే ఇంట్లో, అదే పొగలో పెరిగిన మీ అన్న బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. బాల్యమే కారణమైతే ఇద్దరూ బెల్లమే వండాలి కదా?

మేనకోడలు: అన్న విషయంలో మీ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ పెనం దగ్గరికి మళ్ళీ రాకూడదని వాడు నేర్చుకున్నాడు, అంతే చెప్పగలను. కానీ రాయితీ మాట వేరు. ఆ దరఖాస్తులో ఏ వస్తువు తయారుచేస్తారని ఒక గడి ఉంది. దాన్ని మీరు ఖాళీగా వదిలి నా చేతికిచ్చారు.

మేనమామ: మామిడి గుజ్జు అని రాయమన్నాను. చిత్తూరు చుట్టూ తోతాపురి కాయ దండిగా ఉంది, గుజ్జు ఫ్యాక్టరీలూ ఉన్నాయి, కొనేవాళ్ళూ ఉన్నారు.

మేనకోడలు: మామిడికాయలో ఎక్కడ మోసం జరుగుతుందో నాకు తెలియదు మామా, బెల్లంలో ఎక్కడ జరుగుతుందో తెలుసు. నా పదో ఏట నాయన నన్ను మండీకి తీసుకుపోయారు. వ్యాపారి బెల్లం దిమ్మను బొటనవేలి గోరుతో గీరి, వెలుగులోకి ఎత్తి చూసి, నోట్లో వేసుకోకుండానే ధర చెప్పాడు. తినే వస్తువుకు కంటితో ధర కట్టడం ఆ రోజు చూశాను. రంగు ముదిరితే ధర పడిపోవడం ఒక్కటే కాదు. నల్లబెల్లం సారా బట్టీలకు పోతుందని ఎక్సైజు వాళ్ళు దారిలో బండి ఆపి ఎవరికి, ఎంత అని అడిగే భయం కూడా ఉండేది. అందుకని నాయన, చెరకు రసం పెనంలో తెర్లుతూ ఉండగా, సున్నపు తేట పోసి మడ్డి తీసిన తరువాత, పక్కింటివాళ్ళు చూడకుండా తెల్లటి హైడ్రోస్ పొడి వేసేవారు. ఆ ఘాటుకు నా కళ్ళు మండేవి. పాకం పసుపు పచ్చగా మెరిసేది. మా ఇంటికి మాత్రం ఆ పొడి వేయకముందే చిన్న గిన్నెలో పాకం తీసి పక్కన పెట్టేవారు. అమ్మే బెల్లం ఒకటి, తినే బెల్లం ఒకటి. నేనిప్పుడు అమ్ముతున్నది ఆ గిన్నెలో బెల్లం. దీన్ని ప్రేరణ అనకపోతే ఏమనాలి?

మేనమామ: సమాచారం అనాలి. ఆ సమాచారం ఊళ్ళో గానుగ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది. కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల కంపెనీనే చూడు. దాన్ని పెట్టిన గల్లా రామచంద్రనాయుడుగారు పుట్టింది చిత్తూరు జిల్లా పేటమిట్టలో, ఇంజనీరుగా పనిచేసింది అమెరికాలో. కంపెనీకి అత్తమామల పేర్లు కలిపి పెట్టుకున్నారు, ఎంతో ముచ్చటైన పని. కానీ పేటమిట్టలో ఏ ఇంట్లో బ్యాటరీలు చేసేవారు? పేరు కుటుంబం ఇచ్చింది, వ్యాపారం చదువు ఇచ్చింది.

మేనకోడలు: సొంత జిల్లాకే ఎందుకు తిరిగి వచ్చారు మరి? చదువు ఆయన్ను ఎక్కడైనా ఉంచగలిగేది. సరే, శ్రీకాళహస్తి కలంకారీ తీసుకోండి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలం నడపడం తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడికి వచ్చినట్టు మరొకరికి రాదు. జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు తండ్రి దగ్గర నేర్చిన విద్యకే 2008లో పద్మశ్రీ వచ్చింది.

మేనమామ: ఆ విద్య అంతరించిపోకుండా 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టవలసి వచ్చింది. కుటుంబాలే చాలితే కేంద్రం దేనికి?

(ఈ దెబ్బ తగిలింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాట వాదానికి జవాబు కాదు, పాత బాకీ.)

మేనకోడలు: శిక్షణ కేంద్రం, పథకం, బ్యాంకు, అన్నీ కావాలి, ఒప్పుకుంటాను. మా నాయనకు అవి ఉన్నాయా? అప్పు కోసం రెండుసార్లు మీ దగ్గరికి వచ్చారు. రెండుసార్లూ ఉత్త చేతులతో పంపారు.

మేనమామ: పట్టాదారు పాసుపుస్తకం మీ తాత పేరు మీద ఉంది. బావ అయినంత మాత్రాన కాగితం లేకుండా అప్పు ఎలా ఇస్తాను? ఇచ్చి ఉంటే నా ఉద్యోగం పోయేది.

మేనకోడలు: మీది తప్పని నేననలేదు. మీరు ఇవ్వని ఆ డబ్బు మండీ వ్యాపారి ముందస్తుగా ఇచ్చాడు. బాకీ తీరేదాకా సరుకు అతనికే వేయాలి, అతను మెచ్చిన రంగులోనే వేయాలి. హైడ్రోస్ పొట్లం మా ఇంటికి వచ్చింది ఆ బాకీ వెంటనే. మీ అల్మారాలో ఉన్న ఆ దరఖాస్తుల్లో ఇదంతా ఎక్కడైనా కనిపించిందా?

మేనమామ: దరఖాస్తులో అలాంటి గడి లేదు. (కాగితం దగ్గరికి లాక్కుని) "ప్రేరణ" అనే మాట కొట్టేయి. మండీలో దిమ్మను గీరిన గోటి దగ్గర మొదలుపెట్టు. పాసుపుస్తకం సంగతి కూడా రాసుకో, నా పేరు లేకుండా. కానీ ఈ రెండో పేజీలో హైడ్రోస్ వేసింది నాయన అని ఉందే. బావ ఆ సభకు వస్తాడా?

మేనకోడలు: ముందు వరుసలో కూర్చుంటారు.

మేనమామ: ఆయన ఎదుటే చదువుతావా?

మేనకోడలు: రాత్రి ఆయనకు చదివి వినిపించాను. నేను "చిటికెడు హైడ్రోస్" అని రాసుకున్నాను. నాయన పెన్ను అడిగి తీసుకుని, "చిటికెడు" కొట్టేసి "గరిటెడు" అని దిద్దారు.