దీపం ఆరితే నీళ్లలో మందు ఉన్నట్టు

భూగర్భజలంలో పేలుడు మందు కలిసిందో లేదో వెలుగుతో చెప్పే సెన్సర్లు వస్తున్నాయట కాబట్టి, మా తిరుపతి జిల్లాకు వెంటనే ఓ లారీ లోడు పంపించవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను.

అది పనిచేసే తీరు వింటే ముచ్చటేస్తుంది. అతినీలలోహిత కాంతి పడగానే మెరిసే పాలిమర్ (చిన్న అణువులు గొలుసులా అల్లుకున్న పదార్థం) పొర ఒకటి ఉంటుంది, ఆ పాలిమర్ గొలుసులో ఏ మూలనో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం అణువు ఒక్కటి వచ్చి అంటుకున్నా చాలు, గొలుసంతా మసకబారిపోతుంది. 1990ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త టిమోతీ స్వేగర్ బృందం పట్టుకున్న కిటుకు ఇది. అంటే దీపం ఆరితే ప్రమాదమన్నమాట. ఈ లెక్కన మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది, మేమే కరెంటు పోయిందనుకుని విసనకర్రలు వెతుక్కున్నాం.

అమెరికా వాళ్లకు లీటరు తాగునీటిలో టీఎన్‌టీ 2 మైక్రోగ్రాములు దాటితేనే టెన్షన్. కేప్ కాడ్ దగ్గర సైన్యం శిక్షణ మైదానం కింద నీళ్లు పాడవుతున్నాయని 1997లో ఏకంగా కాల్పులే ఆపించారు. మరీ సున్నితం! మా పక్కన క్వారీలో ధడేల్‌మంటే అటక మీద గిన్నెలు దొర్లుతాయి, ఎదురింటి బోరు రెండు రోజులు బురద కక్కుతుంది, ఎవరూ ఏదీ ఆపరు.

అసలు కిటుకు ఇక్కడుంది. క్వారీ మందులో ఎక్కువగా ఉండేది అమ్మోనియం నైట్రేట్. టీఎన్‌టీకి ఉన్న బెంజీన్ వలయం (ఆరు కార్బన్ల చక్రం) దానికి లేదు, కాబట్టి మన సెన్సర్ దాన్ని గుర్తుపట్టదు. ఆ మందు నీళ్లలో ఉప్పులా కరిగిపోయి, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడని నైట్రేట్ ఎంత దాటినా, దీపం మాత్రం నిండుగా వెలుగుతూనే ఉంటుంది. (యూరియా పుణ్యం కూడా కొంత ఉందనుకోండి.) క్వారీ పక్కన దేదీప్యమానంగా వెలిగే సెన్సర్! దాని పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఏ అధికారి కాదంటాడు?

అంతవరకూ మా దగ్గర కొబ్బరికాయ సెన్సర్ ఉండనే ఉంది. చంద్రగిరి దగ్గర మా చేనులో పాయింటు చూసే పెద్దాయన ఎర్రటెండలో అరచేతిలో కాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పుల్లేకుండా గట్ల వెంబడి తిరిగాడు. వేపచెట్టు పక్కన కాయ లేచి నిలబడింది.

"నీళ్లలో ఏమన్నా కలిసుంటే కూడా చెబుతుందా పెద్దాయనా?" అన్నాను.

"నీళ్లలో నీళ్లు కాకుండా ఇంకేముంటాది సామీ!" అన్నాడు.

తొమ్మిదొందల అడుగులు దించాం. తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. కాబట్టి నా బోరు నీళ్లలో టీఎన్‌టీ, ఆర్డీఎక్స్, నైట్రేట్ ఏవీ లేవని ధ్రువీకరించడమైనది.