బ్యాకప్ తీయవలసింది మనిషా, స్క్రిప్టా?

వ్యాపార సంస్థ డేటాబేస్ బ్యాకప్‌ను రోజూ ఒక ఉద్యోగి స్వయంగా తీయాలా, స్క్రిప్టుకు, అంటే తనంతట తాను నడిచే ఆదేశాల ఫైలుకు, అప్పగించాలా అన్నది వాదం. పూర్వపక్షి మనిషి వైపు, సిద్ధాంతి స్క్రిప్టు వైపు.

పూర్వపక్షి: మనిషి బ్యాకప్ తీస్తే ఫైలు వంక ఒకసారి చూస్తాడు. నిన్న నలభై జీబీ ఉన్న ఫైలు ఇవాళ నాలుగు ఎంబీకి పడిపోతే అతనికి అనుమానం వస్తుంది. వేళకు స్క్రిప్టును నడిపే క్రాన్‌కు అనుమానాలు రావు.

సిద్ధాంతి: మొదటి వారం చూస్తాడండీ. మూడో నెలకల్లా రిజిస్టరులో టిక్కు పెట్టడమే మిగులుతుంది. పైగా అతను సెలవు పెట్టిన రోజున ఆ టిక్కు కూడా ఉండదు.

పూర్వపక్షి: సరే, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఏమైంది? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 9.6 వెర్షన్‌పై, నకలు తీసే పీజీ డంప్ ప్రోగ్రాము పాత 9.2 వెర్షన్‌ది నడుస్తూ, రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు తిరస్కరణకు గురయ్యాయి. అసలు డేటా పోయాక చూస్తే, బ్యాకప్‌లు ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. చివరకు ఆదుకున్నది సుమారు ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు చేత్తో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు డేటా నకలు. మీ యంత్రం నిద్రపోతే మనిషి కాపాడాడు.

సిద్ధాంతి: గట్టి దెబ్బే, ఒప్పుకుంటాను. అయితే ఆ స్నాప్‌షాట్‌ను ఆయన రక్షణ కోసం తీయలేదు. పరీక్షల సర్వరుకు తాజా డేటా కావలసి తీశారు. అది అదృష్టమే తప్ప పద్ధతి కాదు. పైగా రెండో సర్వరు అనుకుని అసలు సర్వరు డేటాను తుడిచివేసింది కూడా మనిషి చెయ్యే. అక్కడ తప్పు స్క్రిప్టుకు అప్పగించడంలో లేదు, సగమే అప్పగించడంలో ఉంది. ఇంకా చిన్న ఉదాహరణ చూడండి. డంప్‌ను పైపు ద్వారా (ఒక ఆదేశం ఫలితాన్ని మరొకదానికి అందించే మార్గం) నేరుగా, ఫైలును కుదించే జీజిప్‌కు పంపే స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి. డంప్ మొదట్లోనే విఫలమైనా, పైపులో ఏ ఆదేశం విఫలమైనా పట్టిచ్చే పైప్‌ఫెయిల్ అమరిక పెట్టకపోతే, ఆదేశాలు నడిపే షెల్ చివరి ఆదేశమైన జీజిప్ ఫలితాన్నే చూసి అంతా సవ్యంగా జరిగిందంటుంది. డిస్కులో ఇవాళ్టి తేదీతో, డేటా ఏమీ లేని ఇరవై బైట్ల ఫైలు కూర్చుంటుంది. కనుక స్క్రిప్టు బ్యాకప్ తీయడంతో ఆగకూడదు. దానిని వేరే సర్వరులో రీస్టోర్ చేసి (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి నిలిపి), బిల్లుల పట్టికలో చివరి బిల్లు తేదీ నిన్నటిదేనా అని చూడాలి. విఫలమైతే సందేశం పంపడం కాదు, విజయ సందేశం వేళకు రాకపోతేనే గంట మోగాలి; చచ్చిపోయిన స్క్రిప్టు తన చావు కబురు తాను పంపలేదు కదా.

పూర్వపక్షి: ఇంత శ్రమ దేనికి? అసలు డేటాబేస్‌ను ఎప్పటికప్పుడు అనుసరించే రెండో నకలు, రెప్లికా, ఉందిగా.

సిద్ధాంతి: రెప్లికా బ్యాకప్ కాదు. ఏ వరుసలు చెరపాలో చెప్పే ‘వేర్’ షరతు మరిచిన డిలీట్ ఆదేశం క్షణాల్లో అక్కడికీ పాకుతుంది.

పూర్వపక్షి: రెప్లికాను గంట ఆలస్యంగా నడిచేలా పెడితే?

సిద్ధాంతి: గంటలోపు తప్పు కనిపెడితే పనికివస్తుంది. మూడు రోజుల తరువాత లెక్క తేలకపోతే అప్పుడేం చేస్తారు?

పూర్వపక్షి: అది వదిలేయండి. అసలు భయం వేరే ఉంది. మీ స్క్రిప్టు దగ్గర బ్యాకప్ నిల్వ తాళం ఉంటుంది. డేటాను బందీచేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఆ సర్వరులో చొరబడితే అదే తాళంతో పాత నకళ్లన్నీ చెరిపేస్తుంది. నేను వారానికొకసారి డిస్కులోకి నకలు తీసి, కేబులు పీకి బీరువాలో పెడతాను. ఆ డిస్కు దాకా ఎవరు వెళతారు?

సిద్ధాంతి: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. స్క్రిప్టుకు కొత్త ఫైలు చేర్చే అనుమతి మాత్రమే ఇచ్చి, చెరిపే అనుమతి, పాతదానిపై రాసే అనుమతి తీసివేయవచ్చు. అప్పుడు ముప్పు బాగా తగ్గుతుంది. అయినా కేబులు పీకిన డిస్కుకు అది సాటి రాదు. ఆ పని మీ చేతిలోనే ఉండనివ్వండి. రోజువారీ పని మాత్రం స్క్రిప్టుకు వదలండి.

పూర్వపక్షి: అయితే రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది.

సిద్ధాంతి: ఉంచుకోండి. అందులో ‘బ్యాకప్ తీశాను’ అన్న గడి కొట్టేసి, ‘రీస్టోర్ చేసి చూశాను, ఇన్ని నిమిషాలు పట్టింది’ అన్న గడి గీయండి.